విన్నవారి మాట

“నీకేం, హాయిగా నీడపట్టున కూర్చుని పుస్తకాలు దులపడమేగా! నా ఉద్యోగం అలా కాదు తల్లీ,” అన్నాడు భర్త, రెండో మేజోడు కోసం మంచం కింద టార్చి వేసి వెతుకుతూ.

ఆ మాటకు జవాబు చెప్పే తీరిక ఆమెకు లేదు. మూడు డబ్బాల్లో అన్నం సర్దడం అయిపోయింది. నాలుగో దానిలోకి గిన్నె అడుగున మిగిలిన కూర గీకి వేసుకుంటోంది. నాలుగోది ఆమెది. మేజోడు వాషింగ్ మెషీన్ వెనక పడి ఉందని ఆమెకు తెలుసు. ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఆమెకొక్కదానికే తెలుసు. అత్తగారి మోకాళ్ళ మందు, కూతురి జామెట్రీ పెట్టె, భర్త బండి తాళాలు, పోయినేడాది కరెంటు బిల్లులు. అడిగినవాళ్ళకి తీసివ్వడం, వాడి ఎక్కడపడితే అక్కడ పారేసినవి తిరిగి వాటి చోట పెట్టడం. బడిలోనూ ఆ పనే, ఇంట్లోనూ ఆ పనే. కాకపోతే బడిలో పుస్తకం తీసుకున్నవాళ్ళు రిజిస్టరులో సంతకం పెడతారు.

“అమ్మాయ్, వెళ్ళేలోపు మోకాళ్ళకి కాస్త మందు రాసి పో. నీ వెంటపడి అడగలేక చస్తున్నాను,” అని హాల్లోంచి అత్తగారి గొంతు. “అమ్మా, జడ!” అని కూతురు.

మేజోడు తెచ్చిచ్చింది, మందు రాసింది, జడ వేసింది. బస్సు అందుకునేసరికి చీర కుచ్చిళ్ళు ఒక పక్కకి జారిపోయాయి. కిటికీ పక్కన సీటు దొరికితే పుస్తకం తీసి నాలుగు పేజీలు చదువుకోవచ్చన్న ఆశతో రోజూ సంచిలో ఒకటి పెట్టుకుంటుంది. సీటు దొరకదు. దొరికిన రోజు కళ్ళు మూతలుపడతాయి.

బడి హాజరు పట్టీలో ఆమె పేరు ‘బోధనేతర సిబ్బంది’ అన్న గీత కింద, ఆఫీసు గుమాస్తాకి తర్వాత, వాచ్‌మన్‌కి ముందు ఉంటుంది. ఏ టీచరు సెలవు పెట్టినా ఆ క్లాసులో పిల్లల్ని అరవకుండా చూడ్డానికి ఆమెనే పంపిస్తారు. చేతిరాత గుండ్రంగా ఉంటుందని సర్టిఫికెట్లన్నీ ఆమె చేతే రాయిస్తారు. పై అధికారులెవరైనా వస్తే హెడ్మాస్టరు, “మేడంగారి చెయ్యి పడితే టీ రుచే వేరు,” అంటాడు నవ్వుతూ. పొగడ్త కాబట్టి నవ్వాలి. ఆమె నవ్వుతుంది.

లైబ్రరీ, వరండా చిట్టచివరి గది. అందులో సగం విరిగిన బెంచీలు, పాత ప్రశ్నపత్రాల కట్టలు, డ్రిల్లు మాస్టారి వలలూ బంతులూ. మిగతా సగంలో ఆరు బీరువాలు. ఆమె చేరిన కొత్తలో వాటికి తాళాలుండేవి. పుస్తకాలు పాడవుతాయని పిల్లలకి ఇచ్చేవాళ్ళు కాదట. ఆ తాళాలు తీయించడానికే రెండేళ్ళు పట్టింది. తీశాక తెలిసింది, చదివేవాళ్ళే లేరని.

ఏవేవో చేసింది. గోడకి పట్టిక కట్టి, చదివిన పుస్తకానికో చుక్క పెట్టమంది. వెనక అట్ట మీద ఉన్న నాలుగు వాక్యాలు ఎక్కించుకొచ్చి చుక్కలు పెట్టుకున్నారు. వ్యాసరచన పోటీ పెడితే నలుగురొచ్చారు, అందులో ఇద్దరు మొదటి పీరియడ్ లెక్కల పరీక్ష తప్పించుకోవడానికి. చివరికి ఫలించిన ఉపాయం ఒకటే. ఏ క్లాసుకి వెళ్ళినా ఒక కథ మొదలుపెట్టేది. గొంతులు మార్చి, చేతులు తిప్పి, కళ్ళు పెద్దవి చేసి చెప్పేది. సరిగ్గా కథ నడుమ ఆపేసి, “మిగతాది ఈ పుస్తకంలో ఉంది,” అనేది. పిల్లలు గగ్గోలెత్తేవారు. “మేడం, ప్లీజ్ మేడం!” గంట కొట్టగానే వరండా అదిరిపోయేలా పరుగెత్తుకొచ్చేవారు. ఒక్క పుస్తకానికి ముప్ఫై చేతులు.

“ఎక్కడ ఆపాలో తెలుసు మీకు. గొప్ప కిటుకు పట్టారండీ,” అంది ఇంగ్లిషు టీచరు ఒకసారి.

అది కిటుకు కాదని ఆమెకొక్కదానికే తెలుసు. మిగతా సగం ఆమె చదవలేదు. ఏ పుస్తకమూ చివరిదాకా చదివి ఎన్నేళ్ళయిందో లెక్కే లేదు. పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం నవల చదువుతూ పొయ్యి మీద పాలు మాడబెట్టింది. “పుస్తకంలో తల దూర్చిందంటే కొంపంటుకున్నా తెలీదు దీనికి,” అన్నాడు భర్త అందరి ముందూ. ఆరోజు అందరూ నవ్వారు, ఆమె కూడా. ఆ పాలు మాడి పద్నాలుగేళ్ళయినా ఆ మాట మాత్రం ఇంకా చల్లారలేదు. బంధువులొస్తే అత్తగారు చెబుతుంది, బంధువులు లేనప్పుడు భర్త చెబుతాడు. చేతిలో పుస్తకం కనబడితే చాలు, ఇంట్లో ఎవరికో ఒకరికి దాహం వేస్తుంది. పిల్లల ముందు ఆపేసిన ప్రతి కథా ఆమె బతుకులో నిజంగా ఆగిపోయిన చోటే ఆగింది. వాళ్ళు చివరిదాకా చదివొచ్చి, “మేడం, ఆ దొంగ అసలు దొంగే కాదు మేడం!” అని అరుస్తుంటే ఆమె అన్నీ తెలిసినదానిలా తలాడించి, లోలోపల ఆత్రంగా వినేది.

ఎనిమిదో తరగతిలో ఒక పిల్లని అందరూ తాబేలు అనేవారు. వీపు మీది సంచి ఎప్పుడూ దించదు. కూర్చున్నా, నిలబడ్డా, ఆటల పీరియడ్‌లోనూ అంతే. చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, పెదాలు కదిలిస్తూ, పంక్తి పూర్తయ్యేసరికి మొదట్లో ఏముందో మరిచిపోయేది. క్లాసంతా నవ్వేది. అప్పుడు ఆ పిల్ల తల సంచిలోకి లాక్కున్నట్టు భుజాల మధ్యకి దిగిపోయేది.

“ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించు. వాళ్ళు నవ్వరుగా,” అంది ఆమె ఒకరోజు.

“మా అమ్మకి చదువు రాదు మేడం.”

“మరీ మంచిది. నువ్వు తప్పు చదివినా తెలీదు.”

ఆ పిల్ల మొదటిసారి నవ్వింది. ఆమెకు ఆలోచన తట్టింది. అప్పట్నించీ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళందరికీ ఒకటే షరతు పెట్టింది: ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి చదివి వినిపించాలి. విన్నవారు ఏమన్నారో ఒక చీటీ మీద రాసుకొచ్చి పెట్టెలో వేయాలి. పేరు రాయక్కర్లేదు. చీటీ పైన ‘విన్నవారి మాట’ అని తనే గుండ్రంగా రాసి, కత్తిరించి కట్టలు కట్టింది.

మొదటి వారం పదకొండు చీటీలొచ్చాయి. ‘మా అన్నయ్య: బోరు.’ ‘మా నాన్న: ముందు లెక్కలు చేసుకోపో.’ ‘మా అమ్మ వింటూ నిద్రపోయింది.’ రెండో నెలకి పెట్టె నిండిపోయేది. ‘మా నానమ్మ: ఆ ముసలిదానికి కళ్ళజోడు కొనిపెట్టే దిక్కే లేదా?’ ‘మా అమ్మ: రాజుగారి పెళ్ళికి అంతమందికి వండి వడ్డించిందెవరో రాయలేదేం?’ ‘మా పెద్దమ్మ: అడవిలో ఒక్కతే ఉందంటే నాకు భయం వేయలేదు. ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అనిపించింది.’ ‘మా అమ్మ ఏమీ అనలేదు. మళ్ళీ మొదట్నించి చదవమంది.’

బస్సులో ఒంటిచేత్తో కడ్డీ పట్టుకుని నిలబడి ఆ చీటీలు చదువుకునేది. పుస్తకమైతే రెండు చేతులు కావాలి, చీటీకి ఒకటి చాలు. ఎవరు వీళ్ళంతా? గేటు దగ్గర పిల్లల కోసం ఎదురుచూస్తూ నిలబడే ఆడవాళ్ళే కదా. మార్కుల గురించి తప్ప నోరు విప్పనివాళ్ళు. ‘మీరేమంటారు?’ అని అడిగేసరికి ఇన్ని మాటలెలా వచ్చాయి? తననెవరైనా అలా అడిగారా ఎప్పుడైనా? కూర ఎలా ఉందని ఆమే అందరినీ అడుగుతుంది. పిల్లని ఏ బళ్ళో వేయాలి, ఇల్లు మారాలా వద్దా, అత్తగారికి ఏ డాక్టరు... అన్నీ హాల్లో నిర్ణయమైపోయి వంటింట్లోకి కబురుగా వచ్చేవి. అడిగితే ఏం చెప్పేదో ఆమెకే తెలియదు. అడగకపోవడం అలవాటైపోయిన మనిషికి చెప్పాల్సిందేమిటో కూడా మరుపున పడిపోతుంది కాబోలు. బస్సు కుదుపుకి చీటీ జారి పడితే జనం కాళ్ళ మధ్య వంగి వెతుక్కుని మరీ తీసుకుంది, చెవిపోగు పడిపోయినట్టు.

తాబేలు నెలకి నాలుగు పుస్తకాలు తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. మూడో నెలలో ఒక మధ్యాహ్నం లైబ్రరీ బెంచీ మీద కూర్చుని పేజీ తిప్పుతూ తిప్పుతూ, తనకే తెలియకుండా సంచి దించి పక్కన పెట్టుకుంది. ఆమె చూసి, ఎక్కడ అలికిడవుతుందోనని బీరువా తలుపు కూడా వేయకుండా నిలబడిపోయింది.

ఆ రోజు ఆ పిల్ల చదువుతున్నది పిట్టగా మారిన ఇల్లాలి కథ. పెద్ద వ్యాపారి భార్య, తెల్లారగట్ట నూతి దగ్గర నీళ్ళు తోడుతూ తోడుతూ పిట్టయిపోతుంది. రెక్కలు వస్తాయి, ఎగురుతుంది, సముద్రం చూస్తుంది. ఆమె చదివింది అంతవరకే. క్లాసులో చెప్పింది కూడా అంతవరకే. రెండు రోజుల తర్వాత పెట్టెలో చీటీ కనిపించింది. విడివిడిగా, ఒత్తి రాసిన అక్షరాలు.

‘మా అమ్మ: ఏడేళ్ళు పిట్టయి తిరిగింది. మళ్ళీ ఎందుకొచ్చింది? నేనైతే తిరిగొచ్చేదాన్ని కాదు.’

అంటే తిరిగొచ్చిందన్నమాట! ఆ పిట్ట ఇంకా సముద్రం మీదే ఎగురుతోందనుకుంటోంది ఆమె ఇన్నాళ్ళూ. బీరువాలోంచి పుస్తకం తీసి చివరి పేజీలు తిప్పింది. నిజమే. ఏడేళ్ళ తర్వాత పిట్ట వచ్చి నూతి గట్టు మీద వాలి, మళ్ళీ ఆడదై, చేద అందుకుంటుంది. భర్త సంతోషిస్తాడు. కథ కంచికి. ఆమె ఆ చీటీని మిగతావాటితో కలపకుండా కళ్ళద్దాల డబ్బాలో పెట్టుకుంది.

అక్కడే ఉంచేసినా బాగుండేది.

తల్లిదండ్రుల సమావేశానికి వారం ముందు హెడ్మాస్టరు లైబ్రరీకొచ్చి చీటీల పెట్టె చూశాడు. నాలుగైదు చదివి పగలబడి నవ్వాడు. “ఇవన్నీ వరండా గోడకి అంటించండి మేడం. బ్రహ్మాండంగా ఉంటుంది,” అన్నాడు. రెండు రోజులు బడి అయ్యాక ఉండిపోయి అంటించింది. ఇంటికి ఆలస్యమైతే అత్తగారు, “ఏమిటో, గోడలకి చీటీలంటించే చదువు మా కాలంలో లేదు,” అంది. చివర్లో ఒక మూల ఖాళీ మిగిలింది. కళ్ళద్దాల డబ్బాలోని చీటీ గుర్తొచ్చింది. పేరు లేదుగా, ఎవరికి తెలుస్తుంది? ఎవరో ఒకరు ఆ మాట చదవాలి, చదివి ఒక్క క్షణం ఆగిపోవాలి అనిపించింది. ఆ ఒక్క క్షణం కోసం అంటించింది.

సమావేశం రోజు హెడ్మాస్టరు తల్లిదండ్రుల్ని గోడ దగ్గరికి తీసుకెళ్ళి, “పిల్లల్లో పఠనాసక్తి పెంచడానికి నేను చేపట్టిన కార్యక్రమం,” అని వివరిస్తున్నాడు. ఆమె చేతిలో టీ కప్పుల ట్రే ఉంది. ‘నేను’ అన్న మాట దగ్గర ఆమె ఇంకొకరికి కప్పు అందించింది, అంతే. అలవాటైన మాటే.

గుంపులోంచి ఒకాయన గోడ మూలకి వంగి చూశాడు. నాలుగు వీధుల అవతల ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఆయనది, తాబేలు తండ్రి. చీటీ మీద వేలుపెట్టి పైకి చదివాడు. “మళ్ళీ ఎందుకొచ్చింది... నేనైతే తిరిగొచ్చేదాన్ని కాదు.” వెనక నలుగురు మగవాళ్ళు నవ్వారు. “ఎవరింటి మహాలక్ష్మో!” అన్నారెవరో. ఆయన నవ్వలేదు. ఆ విడివిడి అక్షరాలు ఆయన రోజూ కూతురి నోటు పుస్తకాల్లో తిట్టుకుంటూ చూసేవే. మెడ దగ్గర్నించి ఎర్రబడడం మొదలై ముఖమంతా పాకింది. చీటీ పీకి జేబులో పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాటికల్లా గోడ ఖాళీ అయింది. “ఎవరి తెలివమ్మా ఇది?” అన్నాడు హెడ్మాస్టరు. “ఇంటి గుట్టు బజారున పెట్టమని ఎవరు చెప్పారు మీకు? ఆయన పైకి కంప్లయింట్ పెడతానంటున్నాడు. పిల్లని బడి మాన్పించేస్తాడట.”

“సార్, మీరే అంటించమన్నారు...”

“నేను అన్నీ చదివి చెప్పానా? చదువుకున్నవాళ్ళు మీరు, మీకుండొద్దా?” గోడ గడియారం వైపు చూస్తూ చెప్పాడు, “ఇదంతా తేలేదాకా లైబ్రరీకి తాళం. ఎలాగూ పదో తరగతికి ప్రత్యేక క్లాసులకి గది చాలడం లేదు.”

నెత్తీ నోరూ కొట్టుకుని బతిమాలింది. పుస్తకాలు ఇవ్వడం ఆపొద్దన్నది, చీటీలు మానేస్తానన్నది, పిల్లలు ఇప్పుడిప్పుడే దారిలో పడుతున్నారన్నది. ఆయన ఫోను అందుకున్నాడు. ఆమె ఎదురుగానే ఆమె భర్తకి చేశాడు. “మీ ఆవిడకి కాస్త నచ్చజెప్పండి సార్. క్షమాపణ రాసిచ్చేస్తే మేం ఎలాగో సర్దేసుకుంటాం.” ముప్ఫై తొమ్మిదేళ్ళ మనిషి, పిల్ల తప్పు చేస్తే తండ్రికి కబురంపినట్టు! కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. ఆయన ఫోను పెట్టేసేదాకా నిలబడి, వరండాలోకి వచ్చేసింది.

ఇంట్లో భర్త అరవలేదు. అరిచినా బాగుండేది. “నీ సరదాల కోసం నన్ను ఫోన్లలో మాటలు పడేలా చేస్తున్నావ్. రాసి పడెయ్, నాలుగు ముక్కలేగా. పిల్లలు చదవకపోతే నీకేం నష్టం?” అన్నాడు టీవీ గొంతు తగ్గించకుండానే. అవును, నష్టమేమిటి? తోముతున్న గిన్నె చేతిలో ఉండగానే ఆలోచించింది. పిల్లలు చదవకపోతే తనకు చీటీలు రావు. చీటీలు రాకపోతే, ఈ ప్రపంచంలో తనతో మాట్లాడేవాళ్ళు లేరు. ఇంత చిన్న సంగతి ఎవరితో చెప్పగలదు? చెబితే నవ్వరూ? అన్నేళ్ళ ఉద్యోగం, అన్నేళ్ళ కాపురం కలిపి చూసుకుంటే ఆమెకు మిగిలింది ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళ మాటలు. వాటిని తనే గోడకి అంటించి, తనే బలిచ్చింది. ఆ పిల్ల సంచి దించింది ఎవరి వల్ల? ఇప్పుడు ఆ పిల్ల వీపు మీద ఏ దెబ్బలున్నాయో, ఎవరి వల్ల? కుళాయి కట్టేయడం మరిచిపోయి నిలబడింది. “నీళ్ళు పోతున్నాయమ్మాయ్!” అని అత్తగారు కేకేసింది.

తాబేలు మూడు రోజులు బడికి రాలేదు. లైబ్రరీ తాళం ముందు పిల్లలు గుంపుగా వచ్చి నిలబడి, కిటికీ ఊచల్లోంచి చూసి వెళ్ళేవారు. “మేడం, ఆ నావికుడు బతికాడా?” అని ఒకడు అడిగాడు. “తెలీదు నాన్నా,” అంది. మొదటిసారి నిజం చెప్పింది.

సోమవారం పొద్దున హెడ్మాస్టరు గదికి పిలుపొచ్చింది. షాపాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన వెనక గోడకి ఆనుకుని ఆయన భార్య. పక్కన తాబేలు, వీపున సంచితో, తల వంచుకుని. ఆ తల్లిని ఆమె గేటు దగ్గర చూసే ఉంటుంది. సన్నటి మనిషి, చేతిలో మడత పెట్టిన రుమాలు. ఆ మాట ఈ గొంతులోంచి వచ్చిందా అని ఆశ్చర్యపోయింది.

షాపాయన జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. “సార్, నేను పెద్దగా చదువుకోలేదు. కానీ నా భార్య ఎలాంటిదో నాకు తెలుసు. ఈ మాట అది అనలేదు. ఈ పిల్లే కల్పించి రాసింది, లేదా ఎవరో నేర్పించారు. అబద్ధాలు రాయడం నేర్పే బడికి నా పిల్లని పంపను. ఇవాళే పేరు కొట్టేయించి తీసుకుపోతా.” భార్య వైపు తిరిగాడు. “చెప్పు. నువ్వనలేదని అందరి ముందూ చెప్పు.”

ఆ తల్లి చేతిలోని రుమాలు వైపు చూసుకుంది.

అనలేదంటే కూతురు అబద్ధాలకోరవుతుంది, చదువు ఈ గదిలోనే ఆగిపోతుంది. అన్నానంటే, ఈ గదిలోంచి బయటికి వెళ్ళాక ఆ తల్లి వెళ్ళాల్సింది ఆయన ఇంటికే. రుమాలుని ఇంకో మడత పెట్టింది, మళ్ళీ విప్పింది. పిల్ల కళ్ళెత్తి తల్లిని చూసింది. పెదాలు కదులుతున్నాయి, కష్టమైన పదం కూడబలుక్కునేటప్పటిలాగే.

“చెప్పవేం?” అన్నాడాయన. ఆ రెండు ముక్కల్లో ఇల్లంతా వినబడింది.

“ఆ మాట నాది,” అంది ఆమె, ఆ తల్లి నోరు తెరిచేలోపే.

అందరూ తిరిగి చూశారు. తన గొంతు తనకే కొత్తగా ఉంది.

“పిల్ల చీటీ ఖాళీగా తెచ్చింది. ఇంట్లో పనులతో వాళ్ళమ్మకి వినే తీరిక కుదరలేదంది. ఖాళీగా ఉంటే బాగుండదని నేనే చెప్పి రాయించాను. పాపకేం తెలీదు. వాళ్ళమ్మకి అసలేం తెలీదు.”

“కాదు మేడం...” అంది తాబేలు.

“నువ్వూరుకో.” జీవితంలో ఏ పిల్లనీ అలా కసిరి ఎరగదు.

షాపాయన ఊపిరి వదిలాడు. “చూశారా సార్? నేను చెప్పలేదూ? మా ఇంట్లో మాట కాదు అది.” గొంతులో గెలిచిన సంతోషం. చీటీ చింపి ముక్కలు బల్ల మీదే వదిలేశాడు. పిల్లని మాన్పించే మాట మళ్ళీ ఎత్తలేదు. హెడ్మాస్టరు తెల్లకాగితం ముందుకు తోశాడు. ఇప్పుడు చెప్పిందంతా అలాగే రాయమన్నాడు. రేపట్నించి ఆఫీసు రికార్డు గదిలో కూర్చోవాలన్నాడు. పుస్తకాలు కట్టలు కట్టి ఆ విరిగిన బెంచీల వెనక పెట్టేస్తారట. ఆమె గుండ్రటి అక్షరాలతో రాసింది. ఎక్కడా కొట్టివేత లేదు.

రాసి తలెత్తేసరికి ఆ తల్లి తననే చూస్తోంది. ఆ చూపులో కృతజ్ఞత లేదు. తన దగ్గరున్న ఒకే ఒక్క వస్తువుని కళ్ళముందే ఎవరో తీసుకుని సంచిలో వేసుకున్నట్టు చూసింది. అప్పుడర్థమైంది ఆమెకు, తను చేసిందేమిటో. కాపాడాననుకుంది. ఆ మనిషి బతుకులో మొదటిసారి అన్న మాటని, అన్నది ఆమె కాదని నలుగురి ముందూ చెప్పి, కాగితం మీద సంతకం కూడా పెట్టింది. షాపాయనా తనూ చేసింది ఒకటే పని.

వాళ్ళు గేటు దాటుతుంటే వెనకే పరుగులాంటి నడకతో వెళ్ళింది. ఆయన రోడ్డవతల బండి తీస్తున్నాడు. పిల్ల తండ్రి దగ్గరికి వెళ్ళిపోయింది.

“అమ్మా,” అంది ఆయాసపడుతూ, “మీ మాట నేను తీసేసుకున్నాను. ఏం చేయాలో తోచలేదు. క్షమించండి.”

బండి స్టార్టయ్యే చప్పుడు విని, ఆ తల్లి రుమాలుతో మెడ తుడుచుకుంది.

“ఉంచుకోండి మేడం,” అంది, ఎవరికీ వినబడనంత మెల్లగా. “నా దగ్గర ఇంకా ఉన్నాయి.”

వెళ్ళి బండి వెనక కూర్చుంది. వెనక్కి చూడలేదు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కనే సీటు దొరికింది. చేతిలో చదవడానికేమీ లేదు. వీధులూ షాపులూ మనుషులూ వెనక్కి పోతుంటే ఆ ఒక్క మాటే తిరుగుతోంది బుర్రలో. ఇంకా ఉన్నాయట! చదువురాని ఆ మనిషికి ఇంకా ఉన్నాయి. మరి తనకి? ఆరు బీరువాల పుస్తకాల మధ్య పన్నెండేళ్ళు కూర్చున్న తన దగ్గర ఏమున్నాయి? ఊళ్ళో వాళ్ళందరినీ అడిగిన ప్రశ్న తనకు తాను ఒక్కనాడైనా వేసుకుందా? వేసుకోబోయి, తల కిటికీ ఊచకి ఆనించింది. పక్కసీటావిడ, “ఒంట్లో బాగాలేదా?” అని అడిగింది. బాగానే ఉందంది. దిగాల్సిన స్టాపు రాగానే దిగింది.

తలుపు తీసేసరికి భర్త హాల్లో నిలబడే ఉన్నాడు. అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చుంది. కూతురు గది గుమ్మంలో. హెడ్మాస్టరు మళ్ళీ ఫోన్ చేశాడని వాళ్ళ ముఖాలు చూస్తేనే తెలిసింది.

“ఏమిటది? ఏదో పిట్టకథకి, తిరిగొచ్చేదాన్ని కాదని నువ్వే రాయించావట? నువ్వన్న మాటేనట? కాగితం మీద రాసి కూడా ఇచ్చావట?” అన్నాడు. కోపం కంటే ఎక్కువగా ఏదో బెదురుంది ఆ గొంతులో. ఆమె ఎన్నడూ వినలేదు దాన్ని. “ఆ పిల్లని కాపాడ్డానికి అలా చెప్పి ఉంటావులే. అంతేగా? నీ సంగతి నాకు తెలీదూ? అబద్ధమని ఒక్క మాట చెప్పు, నేనే ఆయనతో మాట్లాడి సర్దేస్తాను.”

“చెప్పమ్మాయ్, ఊరికే అన్నానని చెప్పెయ్యి,” అంది అత్తగారు. ఆవిడ గొంతు కూడా ఎప్పటిలా లేదు.

ఎంత సులువు! అబద్ధమంటే అబద్ధమే కదా. పొద్దున ఆ గదిలో నోరు తెరిచిన క్షణాన ఆ మాట తనది కానే కాదు. అవునని తలూపితే చాలు, లోపలికెళ్ళి చేతులు కడుక్కుని కూరలు తరగడం మొదలుపెట్టొచ్చు. భర్త ముఖం తేలికపడుతుంది. రేపు పొద్దున మళ్ళీ మేజోళ్ళు. ఆమె ముగ్గుర్నీ ఒక్కొక్కరినే చూసింది. కూతురి దగ్గర చూపు ఆగింది. ఆ పిల్ల కళ్ళార్పకుండా చూస్తోంది, అమ్మ ఏమంటుందోనని.

చెప్పులు ఇంకా విప్పలేదు. సంచి ఇంకా భుజానే ఉంది.

“పొద్దున అక్కడ చెప్పినప్పుడు అబద్ధమేనండీ,” అంది ఆమె. “ఇప్పుడు కాదు.”